లోడు బండికి దారి

కొల్లేటికోట,
12 జూన్ 2025.

చిరంజీవి జాయ్సీకి,

మామయ్య వరదానం ఆశీస్సులు. ప్రభువు దయవల్ల ప్రాణం ఉంది. మాటే లేదు.

నువ్వు ఆసుపత్రికి వచ్చినప్పుడు నేను మత్తులో ఉన్నాను. మంచం పక్కన నిలబడి ఒకటే ఏడ్చావని మీ అత్తయ్య చెప్పింది. ఎందుకమ్మా ఏడవడం? విరిగింది దవడే కదా. పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి తీగలు బిగించారు. ఆరు వారాలు నోరు తెరవకూడదట. స్టెల్లా రాగిజావ వడగట్టి స్ట్రాతో తాగిస్తోంది. వాంతి గానీ వస్తే తీగలు తుంచడానికి దిండు పక్కన కటింగ్ ప్లేయరు పెట్టుకోమన్నాడు డాక్టరు. బండి సామాన్లలో ఉన్నదే కడిగి పెట్టుకున్నాను. నేను నోరు మూసుకున్నాక మీ అత్తయ్య మొహంలో ఒక కళ వచ్చింది, అది మాత్రం కళ్ళారా చూస్తున్నాను.

ఫోన్ చేయకు. నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. ఫోన్లో తెలుగు కొట్టడం నాకు రాదు. ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. ఈ ఉత్తరం ఐసు బండి ఏసుకుమార్ చేత ఏలూరులో పోస్టు చేయిస్తున్నాను.

జరిగింది ఇదీ. ఆ రోజు ఏలూరులో చేపలు దింపేసి, మీ అమ్మ కోసం రెండు కొర్రమేనులు తడి గోనెలో చుట్టుకుని గూడెం బయల్దేరాను. ఊరు దాటాక ఆ కొత్త సర్కిల్ వచ్చింది, నువ్వు దగ్గరుండి గీతలు వేయించిందే. సగం తిరిగాక ఆగాను. వెనక వస్తున్న ఆటో గుద్దేసింది. నేను ముందుకు వంగి ఉన్నానేమో, గడ్డం స్టీరింగుకి కొట్టుకుంది. ఆటో నడిపే ఆయన పేరు లాల్ బాషా. వెనక ఆయన భార్య సుగ్రా ఉంది. టైలరు. పెళ్ళివారి జాకెట్లు ఇవ్వడానికి దెందులూరు వెళ్తున్నారట. ఆమె కుడి మణికట్టు విరిగింది.

దవడ సంగతి దవడ చూసుకుంటుంది. ఆ చేయి తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.

ఎస్సై గారు వచ్చి, "సర్కిల్ మధ్యలో ఎందుకు ఆపారండీ?" అని అడిగారు. తీగలు చూపించి తప్పించుకున్నాను. అయితే రాసివ్వమన్నారు. నా తప్పేనని రాసిచ్చేస్తాను. ఎందుకు ఆగానో నువ్వు మాత్రం అడక్కు. చెబితే నవ్వుతావు.

కొర్రమేనులు రెండూ రోడ్డు పక్క కాలువలోకి పాకిపోయాయని విన్నాను. అక్కకి చెప్పు, వాటికైనా మంచి జరిగిందని.

ఇట్లు,
మీ మూగ మామయ్య.


తాడేపల్లిగూడెం,
16 జూన్ 2025.

మామయ్యకు,

జాయ్సీ వందనాలు. అత్తయ్యకు కూడా చెప్పండి. మీకోసం రోజూ ప్రార్థిస్తున్నాం.

ఎందుకు ఆగారో అడగొద్దన్నారు. నేను అడగను, నాకు తెలుసు. మీరు ఆగింది నా గీత మీద.

కాస్త ఓపిగ్గా చదవండి. సర్కిల్‌లో తిరిగే బండి ఆగకూడదు. బయటి నుంచి లోపలికి వచ్చే బండే ఆగి, ఖాళీ చూసుకుని రావాలి. అందుకని ఆగమని చెప్పే తెల్లగీత ప్రతి రోడ్డు చివరా, సర్కిల్‌లోకి దిగేచోట ఉండాలి. చింతలపూడి రోడ్డు దగ్గర అలా లేదు. లోపల తిరిగే దారికి అడ్డంగా ఉంది. అంటే ఆగాల్సినవాణ్ణి రమ్మంటుంది, వెళ్ళాల్సినవాణ్ణి ఆపుతుంది.

మధ్యలో ఐలాండ్ కట్టినవాళ్ళు మంచినీళ్ళ పైపు అడ్డొచ్చిందని దాన్ని పక్కకు జరిపారు. డ్రాయింగు మాత్రం పాతదే మా చేతికి వచ్చింది. అందులో ఉన్నట్టు వేస్తే ఒక బాణం తిన్నగా ఫుట్‌పాత్ మీదికి చూపిస్తోంది. మీరు చూసే ఉంటారు. చింతలపూడి రోడ్డు దగ్గర కొలతలు ఎంతకీ కుదరలేదు. పెయింటు మిషను తోసే అబ్బులు మేస్త్రీ "మేడమ్, గీత ఇక్కడ వెయ్యమంటారా, అక్కడ వెయ్యమంటారా?" అని అడిగాడు. నేను వేలితో చూపించాను. లోపలే చూపించాను. చదువుకున్నదాన్ని, పరీక్షలో ఇదే ప్రశ్నకు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ వేలు అటు ఎందుకు తిరిగిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. పైగా పని బాగుందని సంతకం పెట్టాను. ఆ రోజు మిమ్మల్ని గూడెం రమ్మని పోరిందీ నేనే.

మా కాంట్రాక్టరు నరసరాజు గారిని అడిగాను, ఆ గీత చెరిపిద్దామండీ అని. "వానలు తగ్గనీ అమ్మా. పోలీసులు కాగితం మీద అడిగితే అప్పుడు చూద్దాం. మనంతట మనం తప్పని ఒప్పుకోవడం దేనికి?" అన్నారు.

అందుకని మీరు రాసివ్వండి. గీత చూసి ఆగానని రాయండి. ఆ కాగితం వస్తే గీత పోతుంది. నా ఉద్యోగం సంగతి తరవాత.

అమ్మ మీకు కొర్రమేను బాకీ లేదంటోంది. పాకిపోయినవాటిని తలుచుకుని కొంచెం బాధపడింది.

మీ మేనకోడలు,
జాయ్సీ.


కొల్లేటికోట,
21 జూన్ 2025.

అమ్మాయీ జాయ్సీ,

నీ ఉత్తరం అందేసరికి ఆలస్యమైంది. నేను ముందే రాసిచ్చేశాను. కళ్ళు తిరిగాయి, అందుకని ఆపేశాను, తప్పు నాదే అని. ఎస్సై గారు చదువుకుని, "ఈ వయసులో బండెందుకండీ మీకు?" అన్నారు. లైసెన్సు తీసుకున్నారు. ఫైలు మూసేశారు. నువ్వు ఇంక ఎవరి దగ్గరికీ వెళ్ళకు, ఏమీ అడక్కు. ఉద్యోగం తరవాత సంగతి అని రాశావే, ఆ మాట చదివి మీ అత్తయ్య జావ గిన్నె కింద పెట్టేసింది. మీ నాన్న పోయాక మీ ఇల్లు దేనిమీద నడుస్తోందో నాకు తెలియదా?

నిజం చెప్పాలంటే నీ గీత నేను చూడనే లేదు.

నవ్వుతావని దాచాను. సర్కిల్‌లో తిరుగుతున్నాను. చింతలపూడి వైపు నుంచి పామాయిల్ గెలల ట్రాక్టరు వస్తోంది, నిండా లోడు. నాది ఖాళీ బండి. ఆగాను. ఆగి, ముందుకు వంగి, అద్దంలోంచి చెయ్యి ఊపాను, వెళ్ళండి బాబూ అని. అంతే.

నీకు పదో తరగతి సెలవుల్లో చేపల చెరువు గట్టు మీద బండి నేర్పాను, గుర్తుందా? గట్టు మీద ఒక బండే పడుతుంది. ఎదురుగా చేపలతోనో మేత బస్తాలతోనో బండి వస్తుంటే ఖాళీవాడు ముందే మలుపులో ఆగిపోవాలి. లోడు బండి ఆగిందంటే చక్రం మెత్తటి మట్టిలో దిగబడుతుంది. లేకపోతే ఐసు కరిగి సరుకు పాడవుతుంది. నువ్వు ఒకసారి ఆగకుండా పోయావని నెత్తి మీద మొట్టికాయ వేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఈ చుట్టుపక్కల బండి పట్టినవాడికల్లా నేను నేర్పిన మొదటి పాఠం అదే. హైవే మీద ఒకడు దాన్ని పాటించి నోరు పగలగొట్టుకున్నాడంటే ఎవరైనా నవ్వరా?

మొన్న సుగ్రా గారింటికి వెళ్ళాను. పక్కింటి పిల్ల పలక పట్టుకెళ్ళి, దాని మీద "క్షమించండి" అని రాసి చూపించాను. ఆవిడ, "మీరు ఆగితే ఏమైందండీ, ఈయన్ని తొందరపెట్టింది నేను. పెళ్ళివారు ఎదురుచూస్తున్నారని ఒకటే గోల చేశాను," అంది. లాల్ బాషా గారేమో, "బ్రేకు వేయాల్సింది నేనండీ. సర్కిల్‌లో ఎవరైనా ఆగుతారని అనుకోలేదు," అని తల వంచుకున్నారు. తప్పు నాదంటే నాదని ముగ్గురం కాసేపు కొట్టుకున్నాం. నేను పలక మీద కొట్టుకున్నాను. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. వచ్చేశాను.

ఇట్లు,
మామయ్య.


తాడేపల్లిగూడెం,
27 జూన్ 2025.

మామయ్యకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

ముందు కళ్ళు తిరిగాయని పోలీసులకు రాశారు. ఇప్పుడు ట్రాక్టరుకు దారి ఇచ్చానని నాకు రాస్తున్నారు. రెండూ నాకోసమే అల్లారు. గీత చూడలేదంటే నా మనసు తేలికపడుతుందని అనుకున్నారా? అంత వెడల్పు గీత, అంత తెల్లగా ఉంది, ముప్పై ఏళ్ళు బండి నడిపిన మనిషికి కనబడలేదా? నన్ను ఇంకా గట్టు మీద పిల్లలాగే చూస్తున్నారు మీరు.

ఫైలు మూసేశారని సంబరంగా రాశారు. అదే నేను వద్దన్నది. నరసరాజు గారికి ఈ సంగతి తెలిసింది. "చూశావా అమ్మా, మీ మామయ్యగారికి ఒంట్లో బాగాలేదట. మన గీత ఏం చేసింది?" అన్నారు. ఆయనకు ఇవ్వబోతున్న కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉంది. ఇచ్చేసి వచ్చాను.

ఇక్కడ ఇంకో తంటా. మీకు నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయని అమ్మ నమ్మేసింది. నేను కాదంటే వినడం లేదు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు మీ పేరు చెప్పి, తలకు సంబంధించిన వ్యాధి నయం కావాలని ప్రార్థన చేయించారు. శుక్రవారం అమ్మ ఉపవాసం కూడా ఉంటోంది. తలకు స్కానింగ్ తీయించమని మీకు రాయమంది. రాశాను.

గీత మాత్రం అక్కడే ఉంది.

జాయ్సీ.


కొల్లేటికోట,
8 జూలై 2025.

అమ్మా జాయ్సీ,

నువ్వు భయపడ్డదే జరిగింది.

నిన్న పొద్దున్న ఐసు బండి ఏసుకుమార్ ఏలూరులో ఐసు దింపేసి గూడెం వైపు వెళ్తూ అదే సర్కిల్‌లో, అదే చోట ఆగాడు. చింతలపూడి నుంచి కర్రల లారీ వస్తోందట. వెనక మోటారు సైకిలు మీద పాలు పోసే వెంకటసాయి అనే అతను వచ్చి గుద్దుకుని పక్కకి పడ్డాడు. ఆ లారీ చక్రం కాలి మీద ఎక్కింది. మోకాలి కింద తీసేశారు. ఇద్దరు పిల్లలట.

రాత్రి ఏసుకుమార్ మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. "లోడు బండి వస్తోంది కద బాబాయ్. ఆగాను. ఆగడం తప్పా?" అన్నాడు. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేను. పలక తీసుకున్నాను. "కాదు" అని రాసి, వెంటనే చెరిపేశాను. వాడు అది చూసి వెళ్ళిపోయాడు.

నేను కళ్ళు తిరిగాయని రాయకుండా ఉండి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఆ చోటు చూసేవారు. నా మేనకోడల్ని కాపాడుకుంటున్నానని, పెద్ద మనసు చేసుకుంటున్నానని అనుకున్నాను. తప్పంతా నా నెత్తిన వేసుకుంటే ఇంకెవరికీ ఏమీ కాదనుకున్నాను. ఎవరి కాలో పోయింది.

నాకు సిగ్గుగా ఉంది. నువ్వు ఆ ఉత్తరంలో కోప్పడ్డావు, ఇంకా కోప్పడాల్సింది. ఏం చేయమంటావో చెప్పు, అదే చేస్తాను.

మామయ్య.


తాడేపల్లిగూడెం,
14 జూలై 2025.

మామయ్యకు,

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు సెలవు పెట్టి ఆ సర్కిల్ దగ్గరికి వెళ్ళాను. పక్కన సీతారత్నం గారి టీ బడ్డీ ఉంది. బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా బండ్లు చూశాను. గీతలు వేయించినప్పుడు రోడ్డును చూశాను గానీ, దాని మీద మనుషుల్ని చూడలేదు.

ఏలూరు బండ్లు నా గీతను తొక్కుకుంటూ పోతున్నాయి. ఎవరూ ఆగడం లేదు. ఆగేవి మన కొల్లేటి బండ్లే. అది కూడా ఖాళీగా వెళ్తున్నప్పుడే, చింతలపూడి నుంచి లోడు బండి వస్తున్నప్పుడే. రాకపోతే అవీ ఆగడం లేదు. ఆగిన ప్రతివాడూ ముందుకు వంగి చెయ్యి ఊపుతున్నాడు, అచ్చం మీలాగే. వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిడుతున్నారు. నేను మిమ్మల్ని నమ్మలేదు. క్షమించండి మామయ్యా.

ఇక రాయబోయేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే మీకు కొంచెం సుఖంగా ఉంటుంది. కానీ ఒకరినొకరం కాపాడుకుంటూ ఇక్కడిదాకా తెచ్చాం, అందుకని రాస్తున్నాను.

అబ్బులు గీత ఎక్కడ వెయ్యాలని అడిగిన రోజున కూడా చింతలపూడి రోడ్డు మీద గెలల ట్రాక్టరు దిగుతోంది. ఏలూరు వైపు నుంచి ఒక ఖాళీ బండి వస్తోంది. నేను డ్రాయింగు చూడలేదు. వాటిని చూశాను. చూసి, ఖాళీవాడు ఎక్కడ ఆగాలో అక్కడ వేలు పెట్టాను. నాకది ఎంత సరిగ్గా అనిపించిందంటే, మళ్ళీ సరిచూసుకోవాలని కూడా తోచలేదు. కాలేజీలో చదివింది పరీక్ష దాకానే ఉంది. మీ మొట్టికాయ మిగిలింది.

అంటే మీరు నా గీత చూసి ఆగలేదు. నేనే మీ పాఠం చూసి గీత వేశాను. ఆగాల్సిన ట్రాక్టరు ఆ గీత వల్ల ఆగలేదు, మీ అలవాటు వల్ల మీరు ఆగారు. సుగ్రా గారి చేతిలో, వెంకటసాయి కాలిలో మనిద్దరికీ భాగం ఉంది. ఇది చదివి మీరు ఎలా అయిపోతారో నాకు తెలుసు. నామీద కోపం తెచ్చుకోండి, మీమీద మాత్రం తెచ్చుకోకండి. మీరు నేర్పింది మంచిదే.

మొన్న ఆఫీసులో అంతా రాసిచ్చాను. గీత తప్పని, చూపించింది నేనేనని. దాని నకలు ఎస్సై గారికీ, రోడ్ల శాఖకీ పంపాను. నరసరాజు గారు ఏమీ అరవలేదు. ఇంక సైటుకు వెళ్ళక్కర్లేదమ్మా అన్నారు. అమ్మకు ఇంకా చెప్పలేదు. మీరూ మీ కాగితం వెనక్కి తీసుకోండి. కళ్ళు తిరగలేదని, ఎందుకు ఆగారో ఉన్నదున్నట్టు చెప్పండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

సీతారత్నం గారు చెప్పారు, ఆ రోజు కాలువలో ఒక కొర్రమేను దొరికిందని, పులుసు పెట్టుకున్నామని. రెండోది ఎటు పోయిందో తెలియదట.

జాయ్సీ.


కొల్లేటికోట,
3 ఆగస్టు 2025.

నా తల్లి జాయ్సీకి,

తీగలు తీసేశారు. దవడ ఇంకా బిగుసుకుపోయి ఉంది, రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటోంది. డాక్టరు ఏదైనా మాట్లాడమన్నాడు. ఇన్నాళ్ళూ ఏవేవో దాచుకున్నాను, తీరా అడిగేసరికి ఒక్కటీ రాలేదు. మంచినీళ్ళు అడిగాను.

అక్కణ్ణించి తిన్నగా స్టేషనుకు వెళ్ళాను. రాసిచ్చింది అబద్ధమని చెప్పాను. "ఒక ఖాళీ బండి లోడు బండికి దారి ఇచ్చిందని రాసుకోమంటారా?" అన్నారు ఎస్సై గారు. అవునండీ అన్నాను. రాసుకున్నారు. అబద్ధం రాసిచ్చినందుకు మళ్ళీ పిలుస్తామన్నారు. పిలవమన్నాను. ఆయన నవ్వలేదమ్మా. నవ్వి ఉంటే బాగుండుననిపించింది.

నీ గీత పోయింది. మిషనుతో గీకేశారు, అబ్బులే వచ్చాడట. ఇప్పుడు చింతలపూడి రోడ్డు చివర వేశారు, బోర్డు కూడా పెట్టారు. అయినా మనవాళ్ళు ఆగుతూనే ఉన్నారు. గీత గీకినంత తేలిక కాదు కదా ఇది. అందుకని నేనూ ఏసుకుమారూ చెరువుల వెంట తిరుగుతున్నాం. గట్టు మీద ఆగండి, సర్కిల్‌లో ఆగకండి అని చెబుతున్నాను. మొన్న ఒక పెద్దాయన, "ఏమయ్యా వరదానం, దవడతోపాటు మర్యాద కూడా విరిగిందా?" అన్నాడు. వెంకటసాయి కాలు సంగతి చెప్పాను.

వెంకటసాయి ఇంటికి వెళ్ళాను. అక్కడ జరిగింది రాయను. వచ్చేవారం నువ్వూ రా, ఇద్దరం వెళ్దాం. నువ్వు ఒక్కదానివే వెళ్ళకు.

నేర్పింది మంచిదే అని రాశావు. మంచిదే, కాదనను. గట్టు ఎక్కడ అయిపోతుందో నీకు చెప్పలేదు. చెప్పాలని నాకే తెలియదు. నువ్వు బండి దిగి చదువుకోవడానికి వెళ్ళిన రోజున, ఇంజనీరు అయిన రోజున కూడా చెప్పలేదు. ఆ మాట ఒక్కటీ నామీదే ఉంచు. మిగతాది ఇద్దరం పంచుకుందాం. ఉద్యోగం పోయిన సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పు, నా నోట విననివ్వకు.

ఏలూరు నుంచి వచ్చేటప్పుడు సుగ్రా గారిని చూద్దామని వెళ్ళాను. పట్టీ విప్పారు. సూది పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి. కత్తిరింపులు ఎడమ చేత్తో అలవాటు చేసుకుంటోంది. దెందులూరులో ఎవరో కుట్టుపని పంచుకుంటామన్నారని ఇద్దరూ ఆటోలో బయల్దేరుతూ నన్నూ రమ్మన్నారు. నా లైసెన్సు ఇంకా రాలేదు, వచ్చినా ఏం చేస్తానో తెలియదు. లాల్ బాషా గారి పక్కన ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను.

ఆ సర్కిల్ వచ్చింది. ఆయన లోపలికి తిరిగారు. చింతలపూడి వైపు నుంచి గెలల ట్రాక్టరు, నిండా లోడుతో వస్తోంది. ఈసారి అది కొత్త గీత దగ్గర ఆగింది. మేం వెళ్ళాలి. వెళ్ళాం. నాకు తెలుసు వెళ్ళాలని, ఊరంతా తిరిగి చెబుతున్నవాణ్ణి నేనే. కానీ నా కుడికాలు బలంగా కిందికి తొక్కింది. అక్కడ బ్రేకు లేదు, ఆటో రేకు ఉంది. టప్పుమని చప్పుడైంది.

లాల్ బాషా గారు నా కాలు వైపు చూశారు. ఆటో పోనిచ్చారు.

మీ మామయ్య,
వరదానం.